దళసరి మేస్త్రి కట్టిన ట్యాంకు

బస్సులకు బాడీలు కట్టే షాపులో ముప్పై తొమ్మిది సంవత్సరాలుగా పనిచేస్తూ వచ్చిన ఆ పెద్దమనిషిని తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచేవారు ఇప్పుడెవరూ మిగల్లేదు. అందరికీ ఆయన దళసరి మేస్త్రి. ఎదుట మేస్త్రిగారూ అనేవారు, చాటున దళసరి అనేవారు. రెండూ ఆయనకు తెలుసు. రెండో మాట చెవిన పడినప్పుడే ఆయన లోలోపల ఎక్కువ పొంగిపోయేవాడు.

ఆ పేరు ఒంటిని బట్టి వచ్చినది కాదు. ఆయన ఒళ్లు చీపురుపుల్ల. పేరు రేకును బట్టి వచ్చింది. ఆ వృత్తిలో రేకు మందాన్ని గేజిలలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ రేకు దళసరి అవుతుంది. నమూనా కాగితంలో ఇరవై గేజి అని ఉంటే మేస్త్రి పద్దెనిమిది వేయించేవాడు. పద్దెనిమిది అని ఉంటే పదహారు దింపేవాడు. బస్సు కప్పు దగ్గర మాత్రం ఇరవై అని ఎంత స్పష్టంగా రాసి ఉన్నా, ఒక మెట్టుతో ఆగక, తిన్నగా పదహారుకే వెళ్లేవాడు. కప్పు మీద సామాను వేస్తారు, మనుషులు నడుస్తారు, ఎండావానా మొత్తం దానిమీదే కదా అని ఆయన వాదన. కప్పును మోసే వంపు కమ్ములను కూడా అదే లెక్కన లావు చేసేవాడు. ఇది ఎవరూ ఆయనకు అప్పగించిన పని కాదు. ఎవరూ వద్దన్న పని కూడా కాదు.

ఈ అలవాటుకు ఒక పుట్టుక ఉంది. పదిహేడో ఏట ఆయన స్వయంగా బిగించిన మొదటి మెట్టురేకు మూడో నెలలో ఒక ప్రయాణికుడి కాలి కింద చిరిగింది. బస్సు యజమాని ఆ చిరిగిన ముక్కను తెచ్చి, అందరూ చూస్తుండగా, పని నేర్పిన గురువు కాళ్ల ముందు విసిరేసి పోయాడు. గురువు శిష్యుణ్ని పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే ఒక దళసరి రేకు చేతికిచ్చి, “నువ్వు వేసిన రేకు మళ్లీ మన గుమ్మం తొక్కకూడదురా” అన్నాడు. అంతే. ఆ తరవాత ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన వేసిన రేకు ఒక్కటీ చిరిగి తిరిగి రాలేదు.

తిరిగి వచ్చింది మొత్తం బస్సు.

కొండదారిలో, నీళ్ల పంపుల కేంద్రం దిగువన ఉన్న మలుపులో, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు ఆ బస్సు ఎడమ పక్కకు ఒరిగి పడిపోయింది. అది దళసరి మేస్త్రి కట్టిన బాడీ. రోడ్డెక్కి ఏడు నెలలే అయింది. పద్నాలుగు మందికి దెబ్బలు తగిలాయి. బట్టలు కుట్టి బతికే ఒక ఆవిడకు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. బస్సు నడిపినవాడు స్వయానా మేస్త్రి భార్యకు తమ్ముడు. అతని భుజం ఎముక విరిగింది, దానికి కట్టు కట్టేలోపే లైసెన్సు జప్తు అయింది. ముగ్గురు సభ్యుల విచారణ మొదలయింది. జోరుగా నడపడమే కారణమని తేలితే అతను జన్మలో మళ్లీ చక్రం పట్టడానికి వీలుండదు, ఆపైన కోర్టు మెట్లు ఎక్కాలి. ఇరవై రెండేళ్లలో ఒక్క గీత కూడా పడనీయని డ్రైవరు అతను.

ఆసుపత్రిలో బావాబావమరుదుల మధ్య జరిగిన సంభాషణ చిన్నదే. చిన్నదైనా, అది రెండిళ్ల మధ్య గోడ కట్టింది.

“నువ్వు కట్టిన బండే కదా బావా, నువ్వే చెప్పు. నేను చక్రం తిప్పీ తిప్పకముందే అది వొంగిపోయింది. మీటరు ముప్పై దాటలేదు.”

“నా బాడీ వొంగదురా.”

“అంటే? నేను అబద్ధమాడుతున్నానా?”

“అబద్ధమని కాదు. జోరు మీద ఉన్నప్పుడు మనిషికి తెలీదు. నీకూ తెలిసుండదు.”

డ్రైవరు కట్టు కట్టిన భుజంతోనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. “సరే మేస్త్రిగారూ, మీరు వెళ్లిరండి” అన్నాడు. చిన్నప్పటినుంచి బావా అన్న నోట మేస్త్రిగారూ అన్న మాట రావడం అదే మొదలు. చెంపదెబ్బ అయినా అంత తగిలేది కాదు.

ఆ వారమే షాపు యజమాని ఒక కాగితం ముందు పెట్టాడు. మేస్త్రి దాన్ని చూసి తన దస్తూరీతో మరో కాగితం మీద ఎత్తి రాశాడు. ‘సదరు వాహనము యొక్క బాడీ నిర్మాణమునందు ఎట్టి లోపమును లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అనేది అందులోని ముఖ్యమైన వాక్యం. రాస్తున్నప్పుడు ఆ వాక్యాన్ని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. విచారణ ముగిసేదాకా ఇంటిపట్టున ఉండమని యజమాని చెప్పాడు.

ఇంటిపట్టున ఉండడం ఆయనకు చేతకాని పని. తలుపు బందులకు నూనె వేశాడు. బీరువా కాళ్ల కింద చెక్కలు సరిచేశాడు. నీళ్ల గది గడియ విప్పి, మునుపటికన్నా పెద్ద గడియ బిగించాడు. దాన్ని తీయాలంటే భార్యకు రెండు చేతులూ కావలసి వచ్చింది. ఆమె గడియ గురించి ఏమీ అనలేదు. తమ్ముడి గురించి మాత్రం ఒకే ఒకసారి అన్నది, గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరగకుండా.

“మీ ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఎవరో తెలిస్తే, ఎవరికోసం ఏడవాలో తేల్చుకుంటాను.”

నలభయ్యో రోజున వాళ్ల కూతురికి వారపు సెలవు వచ్చింది. ఆ అమ్మాయి ఒక కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. తండ్రి కళ్లూ తండ్రి మొండితనమూ కలిసి వచ్చాయి. తీరిక దొరికినప్పుడు కంప్యూటరులో ఒక ఆట ఆడుతుంది. రకరకాల ముక్కలను ఒకదానికొకటి తగిలించి ఎవరి బండి వాళ్లే కట్టుకుని, దాన్ని యుద్ధానికి పంపే ఆట అది. దుకాణంలోని నలుగురు అమ్మాయిలది ఒక జట్టు. కొండమీది కోటను పట్టుకోవలసిన పోటీలో ఆ జట్టు వరసగా మూడు వారాలు ఓడిపోయింది.

“నాన్నా, అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే గోడ పడిపోతుంది. ఇటు రా, ఒక సాయం చెయ్యి.”

“నాకేం వచ్చే కంప్యూటరు పని?”

“కంప్యూటరు పని నాది. రేకు పని నీది.”

మేస్త్రి కళ్లజోడు తుడుచుకుని కుర్చీ లాక్కున్నాడు. తెర మీద ఒక ట్యాంకు నిలబడి ఉంది. కింద గొలుసు పట్టాలు, నడుమ పెట్టె, పైన తిరిగే బురుజు, బురుజులోంచి బయటికి వచ్చిన రెండు తుపాకి గొట్టాలు. పక్కన అరల్లో అమర్చినట్టు ముక్కల పట్టిక. ఆయన చూపు తిన్నగా పైకే పోయింది.

“ఈ నెత్తిమీద కవచం ఎంత మందమే?”

“ఒక వరస.”

“ఒక వరసా! ఎవడైనా గట్టిగా తుమ్మితే ఎగిరిపోతుంది. ఎలా ఓడిపోయారూ అంటే ఇలాగే ఓడిపోయారు. తుపాకులు ఎన్ని?”

“రెండు.”

“ఎదుటివాళ్లకి?”

“ఆరు.”

“అయితే మనకి పదకొండు పెట్టు.”

“పదకొండా! నాన్నా, అది ట్యాంకా, ముళ్లపందా?”

నలభై రోజుల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు. వంటింట్లోంచి తల్లి తొంగిచూసి, “తమ్ముడు మంచాన పడి ఉంటే తండ్రీకూతుళ్లు ఇక్కడ యుద్ధాలు చేస్తున్నారా!” అని విసుక్కుని లోపలికి పోయింది. మేస్త్రికి కాసేపు మనసు చివుక్కుమంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. ఎలుకలాంటి ఆ సాధనాన్ని పట్టుకోవడం అరగంటలో నేర్చుకున్నాడు. బురుజు మీద కవచం రెండో వరస, ఆపైన మూడో వరస వేయించాడు. మూలల్లో ఆనుడు కమ్ములు బిగించాడు. పెద్ద ఫిరంగులు మూడు ముందుకు, రెండేసి తుపాకులు రెండు పక్కలకూ, ఒకటి వెనక్కి, మిగిలిన మూడు బురుజు నెత్తిమీద. ఆ మూడింటికి దెబ్బ తగలకుండా మళ్లీ ఒక డబ్బా లాంటి కవచం. ప్రతి ముక్కనూ అతికించాక చూపుడువేలి గోటితో తెరను టకటకా తట్టి చూసేవాడు, రేకు బిగువు చూసినట్టు.

“తెర పగులుతుంది నాన్నా.”

“పగిలేదైతే ముందే తెలియాలి.”

మధ్యాహ్నం మూడు గంటలకు ట్యాంకు సిద్ధమయింది. చూస్తే ఒక చిన్న కోట నడిచి వచ్చినట్టు ఉంది. పరీక్ష మైదానంలో దానిమీద గుళ్లు కురిపించారు. ఒక్క ముక్క ఊడలేదు. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలి మీసం సవరించుకున్నాడు. తరవాత కూతురు దాన్ని కొండదారి ఎక్కించింది. తిన్నని దారిలో అది ఏనుగులా పోయింది. మొదటి మలుపు వచ్చింది. ట్యాంకు కుడివైపు తిరగబోయి, ఎడమవైపు మెల్లగా, ఎంతో మర్యాదగా ఒరిగి, పదకొండు తుపాకులతో సహా లోయలోకి దొర్లిపోయింది.

“అదేమిటే, అంత జోరుగా తిప్పావు!”

“నేనా? ఇక్కడ చూడు, వేగం పద్దెనిమిది. సైకిలువాడు కూడా దాటిపోతాడు.”

“బుకాయించకు. బండి నేను కట్టాను, నాకు తెలీదా? జోరు మీద ఉన్నప్పుడు మనిషికి తెలీదు.”

కూతురు చేతిలోని సాధనాన్ని బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగింది. ఆమె గొంతు హెచ్చించలేదు.

“ఈ మాట మామయ్యతో కూడా అన్నావు కదూ?”

మేస్త్రి తెర వైపు తిరిగాడు. తెర మీద ట్యాంకు వెల్లకిలా పడి ఉంది. పట్టాలు ఇంకా గాలిలో తిరుగుతూనే ఉన్నాయి.

“మళ్లీ పోనీ. ఈసారి పన్నెండులో పోనీ.”

పన్నెండులో కూడా పడింది.

“తొమ్మిదిలో పోనీ.”

తొమ్మిదిలో మలుపు సగందాకా వచ్చి, ఆలోచిస్తున్నట్టు ఒక క్షణం ఆగి, పడింది.

“ఎందుకు పడుతోందే ఇది?”

“బరువు ఎక్కడ కూర్చుందో చూపించే బొత్తాం ఒకటుంది. అది నొక్కితే బండంతా ఎముకల గూడులా కనబడుతుంది, నాకు చూడబుద్ధి కాదు. ఉండు.”

బొత్తాం నొక్కగానే కవచాలన్నీ గాజులాగా పలచబడ్డాయి. లోపల ఒక పసుపుపచ్చని గోళం కనిపించింది. బండి మొత్తం బరువు ఆ ఒక్క చోటు మీద ఆని ఉన్నట్టు లెక్క అని కూతురు చెప్పింది. గోళం ఎంతో ఎత్తున, బురుజులో, మనిషి గొంతులో ముద్ద అడ్డుపడినట్టుగా ఉంది. మేస్త్రి బురుజు మీది మూడో వరస విప్పించాడు. గోళం ఒక వేలెడు దిగింది. రెండో వరస విప్పించాడు. ఇంకో వేలెడు. నెత్తిమీది మూడు తుపాకులూ వాటి డబ్బా తీయించాడు. గోళం జారి పట్టాల నడుమకు వచ్చి కూర్చుంది. ఆ బోడి బండిని కొండ ఎక్కిస్తే ఇరవై ఐదు వేగంతో మలుపు తిరిగి, కోట గుమ్మం దాకా పోయింది.

“భలే! ఇలాగే ఉంచేద్దాం నాన్నా.”

“వద్దు. అన్నీ మళ్లీ పెట్టు.”

పెట్టారు. పడింది. తీశారు. ఎక్కింది. అలా నాలుగుసార్లు చేయించాడు. ఐదోసారి చేయమని అడగలేదు. లేచి పెరట్లోకి పోయి, సబ్బు తీసుకుని, మోచేతులదాకా చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు ఆయన చేతులకు మురికి అంటలేదు.

మర్నాడు ఉదయమే ఆయన విచారణ కార్యాలయానికి వెళ్లాడు. పడిపోయిన బస్సును దాని వెనకనున్న ఆవరణలో ఉంచారు. కాపలావాడితో తాను ఆ బస్సు కట్టిన మేస్త్రినని చెప్పుకున్నాడు. అతను ఒకసారి ఎగాదిగా చూసి, “చూసుకో పెద్దాయనా, ముట్టుకోకు” అని వదిలాడు. ఆయన జేబులో గేజి బిళ్ల ఉంది. అరచేతిలో పట్టే ఉక్కు చక్రం, అంచు చుట్టూ మందాల వారీగా గాట్లు. బస్సుకు చెయ్యి తగలనీయకుండా, కప్పు అతుకు విడిన చోట అంచుకు ఒక గాటు తొడిగాడు. పదహారు. తెలిసిన సంగతే. అయినా చూడకుండా వెళ్లిపోవడం ఆయన వల్ల కాలేదు.

ఆవరణ గోడకు ఆనుకుని నిలబడి, బీడీకట్ట కాగితం వెనక లెక్క వేశాడు. కప్పు రేకులో ఎక్కువైనది ఎంత, వంపు కమ్ముల్లో ఎంత, కప్పు మీది సామాను చట్రానికి తాను అడ్డంగా వేయించిన అదనపు కమ్ముల్లో ఎంత. నమూనా కన్నా దగ్గరదగ్గర నాలుగు క్వింటాళ్లు ఎక్కువ తేలింది. అదంతా కప్పులోనే. దానిపైన ఆనాటి సామాను వేరు. రోడ్డెక్కే ముందు బస్సును కాటా మీద తూచారు, మొత్తం బరువు హద్దులోనే ఉంది, ముద్ర వేశారు. కాటా బరువెంతో చెబుతుంది. ఆ బరువు ఎంత ఎత్తున ఉందో చెప్పదు. అది చెప్పవలసినవాడు మేస్త్రి. సామాను చట్రాన్ని ఎత్తు చేసే పద్ధతి షాపులోకి వచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో అదే కొలతకు తాను కట్టిన బస్సులు ఇంకా తొమ్మిది రోడ్ల మీద తిరుగుతున్నాయన్న సంగతి అప్పుడు తట్టింది.

అటునుంచి అటే షాపుకు వెళ్లాడు. యజమాని సాంతం విన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

“కూర్చో మేస్త్రీ. ఆటలో బొమ్మ పడిపోయిందని ఆఫీసుకి పోయి చెబుతావా? నవ్వుతారయ్యా.”

“నవ్వితే నవ్వనివ్వండి.”

“నవ్వి ఊరుకోరు. నేను కాగితంలో ఇరవై గేజి అని రాయించాను. అది దాటింది ఎవరు?”

“నేనేనండి.”

“అంటే షాపు మీదికి రాదు, నీ మీదికే వస్తుంది. ముప్పై తొమ్మిదేళ్లు సంపాదించుకున్న పేరు. నీ బావమరిది ఇవాళ కాకపోతే రేపు ఇంకో పని చూసుకుంటాడు. నువ్వు ఈ వయసులో ఏం చూసుకుంటావు?”

యజమాని బెదిరించడం లేదు. ఉన్న మాటే చెబుతున్నాడు. అందుకే అది మేస్త్రికి బెదిరింపుకన్నా బరువుగా తోచింది. ఆయన నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. పనివాళ్లు ఒక కొత్త బస్సుకు కప్పు ఎక్కిస్తున్నారు. వాళ్లలో ఒకడు ఉత్సాహంగా, “మేస్త్రిగారూ, మీరు లేకపోయినా పదహారే వేస్తున్నామండోయ్!” అని కేకేశాడు.

“దింపండి” అన్నాడు మేస్త్రి. పరిహాసమనుకుని వాళ్లు నవ్వారు. ఆయన నిచ్చెన ఎక్కి మొదటి మరను స్వయంగా విప్పడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది.

విచారణలో వాంగ్మూలం ఇవ్వడానికి ఇంక నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో మూడు ఆయనకు ఒక కాగితం మీదే గడిచాయి. మొదటి వాంగ్మూలానికి చూచిరాత ఉంది. దీనికి లేదు. ‘విన్నవించుకొనునది ఏమనగా’ అని ఆరంభించి, ఏమనగా దగ్గరే పొద్దంతా కూర్చునేవాడు. నలిపి పారేసిన కాగితాలను భార్య ఏరి, పొయ్యి దగ్గరకు తీసుకుపోతూ, ఒకదాన్ని విప్పి చదివింది. తలుపు దగ్గర నిలబడిపోయింది.

“నిజమేనా ఇది?”

“నిజమే.”

“మరి వాడి మొహం మీద అలా ఎలా అనగలిగారు?”

“నాకు నిజంగానే తెలీదే.”

“తెలీకపోతే తెలీదనాలి.” ఆమె కాగితాన్ని మళ్లీ మడత పెట్టి బల్ల మీద ఉంచింది. “వాడికి ఏడేళ్లప్పుడు జ్వరం వస్తే చంకనేసుకుని తిరిగాను. మీ మాట విని, వాడి చూపు తప్పించుకుని తిరుగుతున్నాను నేను.” చేత్తో కాగితాన్ని ఆయన వైపు జరిపింది. “రాయండి. గుండ్రంగా రాయండి, వాళ్లకి అర్థమయ్యేలాగ.”

విచారణ నాడు నడవలో రెండు బల్లలు వేశారు. ఒకదాని మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. మేస్త్రిని చూసి చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. రెండో బల్ల మీద, మేస్త్రి పక్కన, ఒక ఆవిడ వచ్చి కూర్చున్నది. కుడిచేతికి కట్టు ఉంది. ఎడమచేత్తో ఒక కాగితాల అట్టను పట్టుకుని దాని దారంతో తంటాలు పడుతోంది. చివరకు పక్కకు తిరిగింది.

“అన్నా, ఈ దారం కాస్త ముడేస్తారా? దర్జీదాన్ని, ముడి వెయ్యలేకపోతున్నా చూడండి, సిగ్గుచేటు.”

ఆయన ఎవరో ఆవిడకు తెలియదు. మేస్త్రి అట్టను మోకాళ్ల మీద పెట్టుకుని దారం చుట్టాడు. ఒక ముడి వేశాడు. అలవాటు చొప్పున దానిమీద రెండోది వేయబోయి, ఎడమచేత్తో విప్పుకోవలసిన మనిషి అని తోచి, ఆపాడు. ఆవిడ, “మీ చెయ్యి చల్లగా ఉండాలి” అన్నది. ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు, మళ్లీ ఎత్తలేకపోయాడు.

లోపల విచారణాధికారిణి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నది.

“మొదటిదాంట్లో లోపం లేదని రాశారు.”

“రాశానండి. చూసి రాశాను.”

“బస్సును చూసా?”

“కాదండి. కాగితం చూసి.”

గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

“ఇప్పుడు లోపం ఉందంటున్నారు. ఈ మధ్యలో ఏం జరిగింది?”

నాలుగు రోజులుగా ఈ ప్రశ్నకే మేస్త్రి భయపడుతూ వచ్చాడు.

“మా అమ్మాయి ఆటలో ఒక ట్యాంకు కట్టానండి. పదకొండు తుపాకులు పెట్టి, నెత్తిన మూడు వరసల కవచం వేశాను. సైకిలు వేగంతో పోతూ పడిపోయింది. నా బస్సు కప్పూ అలాగే కట్టాను.”

పక్కనున్న సభ్యుడు పెదవి బిగబట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. మేస్త్రి జేబులోంచి గేజి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

“బొమ్మ సంగతి వదిలేయండి. నా మాట కూడా నమ్మక్కర్లేదు. ఇది పట్టుకెళ్లి కప్పు అంచుకి పెట్టి చూడండి. కాగితంలో ఉన్నది ఇరవై.”

“దళసరి రేకు వేయమని మీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి.”

“మరి మీకేమిటి లాభం?”

“లాభమేం లేదండి. చిరక్కూడదని వేశాను.” కాస్త ఆగి, “చిరగలేదండి” అన్నాడు.

ఆయన మరో కాగితం అందించాడు. అందులో తొమ్మిది బస్సుల సంఖ్యలూ, అవి తిరిగే దారులూ, గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. అధికారిణి దాన్ని చదివి ఫోను అందుకున్నది. విచారణ ముగిసేదాకా ఆయనకు ఏ వాహనానికీ బాడీ పనిమీద సంతకం చేసే అధికారం ఉండదని గుమాస్తా చదివి వినిపించాడు. మేస్త్రి తల ఊపి, చూపించిన చోట వేలిముద్ర వేసినంత జాగ్రత్తగా సంతకం పెట్టాడు.

బయట డ్రైవరు నిలబడి ఉన్నాడు. తలుపు పలచనిది, మాటలన్నీ విన్నాడు.

“నలభై ఆరు రోజులు, మేస్త్రిగారూ” అన్నాడు.

డ్రైవరు జవాబు వస్తుందేమో అని కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కూతురికి మళ్లీ వారపు సెలవు వచ్చిన రోజు, పగటిపూట, డ్రైవరు వాళ్లింటికి వచ్చాడు. తీర్పు ఇంకా రాలేదు. తొమ్మిది బస్సులనూ నిలిపేశారని, రెండింటికి కప్పులు విప్పుతున్నారని మాత్రం తెలిసింది. షాపు నుంచి మేస్త్రికి కబురు లేదు. ఉండదని ఆయనకు తెలుసు. భార్య తమ్ముడిని చూసి, కుర్చీ తెచ్చి వేసింది. అతను కుర్చీలో కూర్చోలేదు. మేస్త్రి వైపు చూడలేదు.

“అమ్మడూ, ఏదో ట్యాంకు అట కదా. చూపించు.”

కూతురు తండ్రి వైపు చూసింది. మేస్త్రి తల ఊపాడు. పదకొండు తుపాకుల ట్యాంకు ఇంకా అలాగే ఉంది. బోడి బండితో వాళ్ల జట్టు కిందటి వారం ఆడింది, కోట గుమ్మం దాకా పోయి ఓడింది. పాతదాన్ని తుడిచేయడానికి మాత్రం ఆ అమ్మాయికి చెయ్యి రాలేదు.

డ్రైవరు తెర ముందున్న కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో మీటలు పట్టుకున్నాడు. రెండు నిమిషాలలో బండి అతని మాట వినడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ల చెయ్యి అది. కొండదారి ఎక్కించాడు. మలుపుకు చాలాముందే వేగం తగ్గించాడు, పదిహేను, పన్నెండు, పది. దారికి లోపలి అంచున, గోడను రాసుకుంటూ, అంతకన్నా ఒద్దికగా ఎవరూ తిప్పలేనట్టుగా తిప్పాడు. తెర మీద నేల ఒక పక్కకు మెల్లగా లేవసాగింది.

“ఇదిగో” అన్నాడు డ్రైవరు. “ఇదిగో, ఇక్కడే. ఇక్కడే నేను కాలు తీసేశాను. ఇక్కడ వెనకనుంచి ఎవరో అయ్యో అన్నారు. ఇప్పుడు చూడు, చక్రం ఎటు తిప్పినా…”

ట్యాంకు పడిపోయింది. అతను మళ్లీ మొదటికి తెచ్చి, మళ్లీ ఎక్కించాడు. అదే చోట మళ్లీ, “ఇదిగో, ఇక్కడే” అన్నాడు. మేస్త్రి అతని కుర్చీ వెనక నిలబడి చూశాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా బస్సును బయటినుంచి, నిచ్చెన మీదినుంచి, కప్పు పైనుంచి చూసినవాడు, నడిపేవాడి చోటునుంచి చూడడం అదే మొదటిసారి. ఏడోసారి పడ్డాక డ్రైవరు మీటలు వదిలేసి, కట్టు కింద భుజాన్ని నొక్కుకుంటూ లేచాడు. అక్క పిలుస్తున్నా గుమ్మం దాకా వెళ్లిపోయాడు. అక్కడ ఆగి, తిరక్కుండానే అన్నాడు.

“అమ్మడూ, దాన్ని విప్పొద్దని మీ నాన్నకి చెప్పు. కోర్టుకి పిలిస్తే, అక్కడ చూపించడానికి కావాలి.”

“చెబుతాలే మామయ్యా” అన్నది కూతురు.

మేస్త్రి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. కూతురు ఆ మాటను మళ్లీ ఆయనకు చెప్పేదాకా, విననట్టుగానే నిలబడ్డాడు. చెప్పాక, “విప్పనని చెప్పు” అన్నాడు.